చెవి వెనక చెయ్యి

మా పాటల మాస్టారు పాడేటప్పుడు కుడి చెవి వెనక అరచేతిని దొప్పలా పెట్టుకునేవారు. "మీ గొంతు మీకెట్టాగూ వినపడుద్ది. పక్కోడి గొంతు వినండయ్యా," అనేవారు.

ఎనభైల్లో ఆయనకు బాపట్లలో ఒక విదేశీ క్యాసెట్టు దొరికింది. వాయిద్యం లేకుండా, ఒట్టి గొంతులతోనే, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్ని జాజ్ నడకలో పాడిన క్యాసెట్టు అది. అది విని, తెనాలిలో మా వడ్రంగి షెడ్డులో, మోహన రాగంలోని ఒక క్రైస్తవ కీర్తనను నాలుగు గొంతులకు విడదీశారు, తాళం కూడా నోటితోనే వేయించారు. ఆయన కుడిపక్కన నిలబడి అందరికంటే కింది స్థాయిలో అడుగు స్వరం పట్టేది నేను. బడి మొహం చూడనివాణ్ణి. నాకు తెలిసిన సంగీతమంతా ఆ షెడ్డులోదే.

ఆ పాటను రేపల్లె చర్చిలో పాడితే, అక్కడి పెద్దలకు నచ్చలేదు. "నోటితో డప్పులేంటండీ? ఇది గుడా, సర్కసా?" అన్నారు. చివరికొక పరీక్ష పెట్టారు. మొదట్లో హార్మోనియంతో శ్రుతి ఇచ్చి ఆపేస్తారు, పాట ముగియగానే మళ్లీ నొక్కి చూస్తారు. శ్రుతి కలవకపోతే ఈ పాట ఇక చర్చిలో వినపడకూడదు. సరిగమలు తెలియనివాళ్లు పెట్టిన పరీక్ష! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పాడాం. ఆఖరి చరణంలో నా గొంతు వెంట్రుకవాసి జారింది. నన్ను ఆనుకున్న గొంతులన్నీ నాతోపాటే దిగాయి. హార్మోనియం మోగింది. కలవలేదు.

"ఎవరయ్యా తప్పింది?" అన్నారు సంఘ పెద్ద.

"నేనేనండి. వయసు మీద పడింది గదండీ," అన్నారు మాస్టారు.

ఆ పెద్దల్ని ఇన్నేళ్లూ తిట్టుకున్నాను గానీ, ఆ రోజు నేను నోరు విప్పలేదు. మాస్టారి చెయ్యి ఇంకా చెవి వెనకే ఉంది, నా వైపు తిరిగి.