తాటిచెట్టంత అలలు

మా వర్ని ఊర్ల ముత్తవ్వను అందరు సముద్రం ముత్తవ్వ అంటరు. ఉత్తగనే అంటరా? భీమిలి సముద్రానికి ఏడుసార్లు పోయొచ్చిన మనిషాయె! తహసీలాఫీసుకు ఏడుసార్లు తిరిగినోళ్ళు మా దిక్కు మస్తుమంది గని, సముద్రానికి ఏడుసార్లు పోయినోళ్ళు ఇంకెవ్వరు లేరు.

బోధన్ల నరేందర్ యాత్ర బస్సు తిప్పుతడు. సింహాచలం దర్శనం, భీమిలి సముద్రం, నలభైమంది, ఐదు రోజులు. మనోళ్ళు లోకమంత సూడాలంటరు గని లోకం తినే తిండి తినరు. అందుకే బస్సు డిక్కీల గ్యాసుపొయ్యి, వర్ని బియ్యం, ఏర్గట్ల పసుపు, ఇంత చింతపండు, వాటెన్క వంటకు ముత్తవ్వ. చేపలు బుట్టలకు బుట్టలు దిగే ఊర్ల గూడ మనోళ్ళకు పప్పు, పచ్చిపులుసే గావాలె. ఏం జేస్తం, నాలుకలు గట్లున్నయ్!

భీమిలిల బస్సు ఒక లాడ్జి గోడపొంటి ఆగుతది. జనం దిగి ఒడ్డుకు ఉరుకుతరు. గాలికి మంట ఆరొద్దని ముత్తవ్వ గోడకు ముఖం వెట్టి పొయ్యి అంటిస్తది. గోడకు అవతల ఇన్నూరు అడుగులు నడిస్తే సముద్రం. ఒక్కపారి పోయొస్తనంటే నరేందర్ సల్లగ నవ్వుతడు. "సముద్రం యాడికి వోతది ముత్తవ్వా, ఆడ్నే ఉంటది. అన్నమే మాడుతది." ఎంత తెలివో! జనం చేతులు కడుగంగనే హారన్ గొడుతడు. గిన్నెలు సగం తోమి ఎక్కాలె. ఏడు యాత్రలు గిట్లనే ఒడ్శినయ్.

ఇంటికొచ్చినంక వాడకట్టంత అడుగుతరు గదా. గోడ సూసొచ్చిన అని చెప్తదా? "అలలు తాటిచెట్టంత లేస్తయే! ఓడలైతే మన చెరుకు ఫ్యాక్టరీ అంత!" అని షురూ చేస్తే బడి పంతులు గూడ నోరు తెర్సుకొని ఇంటడు. పెనిమిటి పోయినంక ఆమెకు మిగిలింది గా పేరొక్కటే. సముద్రం పుణ్యాన ఏ ఇంటికి పోయినా కుర్చీ ఏస్తున్నరు, లేకుంటే వంటామెకు కుర్చీ ఎవడేస్తడు?

ఎనిమిదో యాత్రకు పక్కింటి అంజవ్వ గూడ టికెట్ తీస్కున్నది.

"నీ మోకాళ్ళ నొప్పులకు సముద్రం గాలి పడదే" అన్నది ముత్తవ్వ.

"నీకు ఏడుసార్లు పడింది గదక్కా" అన్నది అంజవ్వ.

భీమిలిల ముందుగాల డచ్చోళ్ళ సమాధులు సూయించిండు నరేందర్. వందల ఏండ్ల కింద ఓడల మీద వచ్చి ఈడ్నే సచ్చిన దొరలు. మనోళ్ళు భక్తిగ సూసిన్రు, నీడ మంచిగున్నదని ఆడ్నే కూసోని పల్లీలు తిన్నరు, పొట్టు దొరలకు వదిలిపెట్టిన్రు.

తర్వాత ఒడ్డుకని బస్సు ఎప్పటి లాడ్జి గోడపొంటనే ఆగింది. "నువ్వే ముందు నడువక్కా, నీకు ఎరికైన తొవ్వ" అన్నది అంజవ్వ.

"నువ్వు వోయే, పప్పు ఉడకాలె" అన్నది ముత్తవ్వ, గోడ దిక్కు తిరిగి.

పావుగంటల అంజవ్వ తడిసిన సీరెతోని వచ్చింది. "తాటిచెట్టంత అంటివి? నా మోకాళ్ళ దాక గూడ రాకపాయె!"

ముత్తవ్వ గంటె తిప్పుకుంటనే అన్నది: "ఈయేడు వానలు సక్కగ పడలే గదనే. నిజాంసాగర్ లెక్క సముద్రం గూడ దిగినట్టున్నది."

అంజవ్వ పక్కున నవ్వబోయింది. పొయ్యిని సూసింది. ముత్తవ్వను సూసింది. ఆమె ముంగటి గోడను సూసింది. నవ్వు రాలే.

"ఏడుసార్లూ గీ గోడేనా అక్కా?"

ముత్తవ్వ పొగ రాని గ్యాసుపొయ్యి ముంగట కండ్లు తుడుసుకున్నది.

అంజవ్వ గంటె గుంజుకున్నది. "పో. నేను సూసుకుంట."

"నరేందర్ ఏమన్న..."

"వానికి నేను జెప్త. పో అంటున్న గదే!"

ముత్తవ్వ పోయింది. చెప్పులు గూడ తొడుగలే. హారన్ మూడుసార్లు మోగినా రాలే. అంజవ్వ వండితే ఆమె మొగడే తినడు. ఆ రోజు నలభైమంది మాడిన పప్పు తిన్నరు, నరేందర్ నలభైమంది తిట్లు తిన్నడు. కడుపు నిండింది పాపం. ముత్తవ్వ నడుం దాక తడిసొచ్చి బస్సెక్కింది.

వర్నిల బస్సు దిగంగనే వాడకట్టంత చుట్టుకున్నరు. ముత్తవ్వ తల వంచుకొని గిన్నెలు దించుకుంటున్నది.

"నిజంగనే తాటిచెట్టంతనా అంజవ్వా?" అని పంతులు అడిగిండు.

అంజవ్వ మోకాళ్ళు ఒత్తుకుంట అరుగు మీద కూసున్నది.

"ముత్తక్క మీకు తక్కువ జెప్పింది సారూ" అన్నది.