రోడ్డు మీద మా ముందలర్ర

నిన్న మన మెదక్‌ల వంటావార్పు యాడ అయిందో ఎరుకేనా? మా సోఫా కాడ! నవ్వకుండ్రి, ముందుగాల ఛాయ్ తాగుండ్రి, మొత్తం చెప్త. పేపర్ల ఫొటో సూసి పొద్దుగాల నుంచి ఒకలెనక ఒకలు వస్తనే ఉన్నరు. "సుజాతక్కా, నువ్వు గింత ఉద్యమకారిణివని మాకు తెల్వకపాయె" అంటున్నరు. ఉద్యమం సంగతి దేవుడెరుగు, నేను చేసింది గోడకు రంగేసుడు!

అసలు ముచ్చట మా వదినె కాడ షురువైంది. వదినె అంటె మా ఆయనకు పెద్దక్క, పాపన్నపేటల ఉంటది. మనిషి మంచిదే, నోరే జర ఎక్కువ. మొన్న చుట్టాల పెండ్లిల అందరం బంతిల కూసొని తింటున్నం. అంత మంది ముందట అన్నది గద, "మా తమ్మునింటికి పోతె నేను గోడకు దూరంగ కూసుంట. ఒరిగితె సాలు, చీరెకు సున్నమంటుతది." బంతంత పకపక నవ్విండ్రు. ఇంటికొచ్చినంక మా ఆయనతోని ఖరాఖండిగ చెప్పిన.

"మీ అక్క నోట్లకెళ్లి 'ఇల్లు మంచిగున్నది' అనే మాట అనిపియ్యకుంటె నా పేరు సుజాతనే గాదు!"

"అయితె ఏం పేరు పెట్టుకుంటవో ఇప్పట్నుంచే ఆలోచన చెయ్యి" అన్నడు ఆ మహానుభావుడు, పేపర్ల మొకం పెట్టుకొని.

ఇగ సూస్కోండ్రి, నాకు పట్టుదల ఎక్కింది. పైసలు పెట్టి ఇల్లు సోకు చేసుడు ఎవరికైన వస్తది, పైసలు పెట్టకుండ చెయ్యాలె. నేను కుట్టు మిషన్ దాన్ని గద, నా పాత చీరెలు రెండు కోసి కిటికీలకు, దర్వాజకు కర్టన్లు కుట్టిన. మా సోఫా మీకు ఎరుకే, నడిమిట్ల రెగ్జిన్ చినిగి లోపలి కొబ్బరిపీచు బయటకొచ్చి అందర్ని పలకరిస్తది. జాకెట్లు కుట్టంగ మిగిలిన ముక్కలన్ని జమచేసి, ఎర్రది పచ్చది నీలంది కలిపి, దానికొక కవర్ తయారు చేసిన. ఏమన్న ఉన్నదా! షోరూంల పెట్టినా ఎవరు గుర్తుపట్టరు.

మిగిలింది గోడ. పక్కింటి పుష్పక్క వాళ్లు ఇల్లు కట్టుకున్నప్పుడు మిగిలిన పసుపుపచ్చ డిస్టెంపర్ డబ్బ ఒకటి వాళ్ల మెట్ల కింద పడున్నది. అడిగితె "తీస్కపో, నాకు అడ్డం పోతది" అన్నది. మూత తీస్తె పైన మందంగ అట్ట కట్టున్నది. నీళ్లు పోసి కట్టెతోని గిలకొట్టిన, మంచిగ కరిగింది. సాలదేమో అనిపిచ్చి ఇంకిన్ని నీళ్లు పోసిన. మా ఆయన అన్నడు, "పాత సున్నమంత ఉప్పుకాయితంతోని గీకాలెనే, లేకుంటె రంగు నిలవదు." గీకిన, నేను గీకలేదంటలేను. సోఫా ఎనక, దర్వాజ పక్కపొంటి ఎవరు సూస్తరని ఇడిసిపెట్టిన.

వదినె గురువారం వస్తనన్నది. బుధవారం తెలంగాణ బంద్. నాకు అంతకన్న మంచిరోజు యాడ దొర్కుతది? మా ఇంటి ముందట జాగ ఏది, గడప దాటితె డాంబర్ రోడ్డే. ఉత్త దినాలల్ల బస్సులు, ఆటోలు, లారీలు, ఒక్క కుర్చి బయటేసినా గుద్దుకపోతరు. బంద్ నాడైతె కుక్కలు సుత రోడ్డుకు అడ్డంగ పండుకుంటయి. పైంగ మా ఆయన ఆఫీసోళ్లు సమ్మెల ఉన్నరు, మనిషి ఇంట్లనే దొరికిండు.

"సోఫాకు అటు దిక్కు పట్టుండ్రి" అన్న.

"సమ్మె అంటె పని బంద్ జేసుడే. సామాన్లు మోసుడు గాదు."

"బంద్ జేసింది సర్కారు పని, ఇంటి పని గాదు. పట్టుండ్రి!"

పొద్దుగాల్నే ముందలర్ర మొత్తం రోడ్డు మీదికి తెచ్చినం. సోఫా, టీపాయ్, మంచం, నా మిషన్. సజ్జ మీద పండుగలకు, ఫంక్షన్లకు వాడే పెద్ద బగోనెలు ఉంటయి గద, అవి సుత దించి, దుమ్ము పట్టినయని తోమి, ఎండకు బోర్లించిన. కొత్త కర్టన్లు ఒకపారి నీళ్లల్ల జాడిచ్చి దండెం మీద ఏసిన. సూసెటోళ్లకు ఇదంత ఎట్ల గనవడ్తదో నా బుర్రకు అప్పుడు తట్టలె.

సగం గోడ అయింది. బయట "జై తెలంగాణ" అని ఒకటే లొల్లి. బంద్ నాడు ర్యాలీ పోకుంట ఉంటదా, పోనీ తియ్యి అనుకొని రంగేస్తనే ఉన్న. లొల్లి ముందటికి పోతలేదు, మా ఇంటి ముందటనే ఆగింది. బ్రష్ పట్టుకొని ఉరికొచ్చిన. సూస్తె యాదగిరి సార్. మన గల్లీల బడిపంతులు, ఆయన సుత సమ్మెల ఉన్నడు. ఎనకాల బియ్యం సంచి, పప్పు సంచి మోసుకుంట మస్తు మంది.

"శెబ్బాస్ చెల్లె! మేము చౌరస్తల వంటావార్పు చేద్దామని పోతున్నం. నువ్వు మాకంటె ముందుగాల్నే రోడ్డు బంద్ జేసి బగోనెలు తోమి పెట్టినవ్!"

"అది గాదు సార్, నేను గోడకు..."

సార్ నా చేతిల బ్రష్ దిక్కు సూసిండు. "గోడల మీద సుత రాస్తున్నవా? వారెవ్వా!"

నేను నోరు తెరిచెలోపట ఆయన టీపాయ్ ఎక్కిండు. "సూడుండ్రి! ఒక ఆడబిడ్డ తెలంగాణ కోసం ఇంట్ల సామానంత తెచ్చి రోడ్డు మీద పెట్టింది! మనం ఇంట్ల కూసుందామా?" "కూసోం!" అని అందరు ఒర్రిండ్రు, ఒర్రి మా సోఫాల కూసున్నరు. ఒకటే చప్పట్లు! అన్ని చప్పట్ల నడుమ, లేదు నాయనా, మా వదినె వస్తుంది, అందుకే రంగేసుకుంటున్న అని ఎట్ల చెప్పాలె? తెలంగాణ రావాలె, ఎవరద్దన్నరు? కని నా గోడ సుత కావాలె గద! చెయ్యెత్తి నేను సుత "జై తెలంగాణ" అన్న. బ్రష్‌ల ఉన్న రంగంత సార్ తెల్లంగి మీద చిందింది. ఆయన ఏమనలె పాపం, ఉద్యమంల ఉన్నడు.

ఇగ అక్కడికెళ్లి నా చెయ్యి దాటిపోయింది. రాళ్లు పెట్టి పొయ్యి ముట్టిచ్చిండ్రు. నా బగోనెల అన్నం ఎక్కింది, ఇంకో దాంట్ల పప్పు. ఎండ గొడ్తుందని దండెం మీది కర్టన్లు తీసి పందిరి కట్టిండ్రు. "అయ్యో, గవి కర్టన్లు!" అంటె "మంచి నీడ ఇస్తున్నయక్కా" అన్నడొకడు. అన్నం దించాల్నంటె చెయ్యి కాలుతదని, నేను రాత్రులు కండ్లు గుంజంగ కుట్టిన సోఫా కవర్ గుంజి, మడతపెట్టి, మసిబట్ట చేసిండ్రు. కొబ్బరిపీచు మళ్ల బయటకొచ్చింది.

"అన్నా, జర లేస్తరా? సోఫా లోపలేసుకుంట" అని బతిమాలిన.

"అక్కా, ధర్నాల కూసున్నోళ్లను పోలీసులే లేపలేరు, నువ్వు లేపుతవా?"

మా ఆయన యాడున్నడని దేవులాడిన. గంటె పట్టుకొని పప్పు కలుపుతుండు! ఇంట్ల ఒక్కనాడు గ్లాసు కడిగిన పాపాన పోని మనిషి! నాకు ఏడుపొక్కటే తక్కువ. అయినా వదినె వచ్చేది రేపు గద, గోడన్న ఖతం జేద్దామని లోపలికి పోయి తలుపు దగ్గరేసుకున్న. కసిగ ఏసిన, మూల మూలకు ఏసిన. ఆఖరి మూల అయినంక చేతులు తుడుసుకుంట బయటకొస్తె, సోఫా ముందట ఒక ఆటో ఆగున్నది. అండ్లకెళ్లి తెలిసిన గొంతు.

"ఎవలే రోడ్డుకు సోఫా అడ్డం పెట్టింది? జర ఆగుండ్రి... గీ చినుగు నేనెరుగుదు. గిది మా తమ్మునిది గద!"

వదినె! బంద్ రేపు సుత ఉంటదని ఎవరో చెప్తె, బస్సులు దొరకవని ఒక దినం ముందుగాల్నే ఊరోళ్ల ఆటోల బయలెల్లిందట. మొకం నిండ పసుపురంగు, నెత్తికి రంగు, గట్లనే నిలవడ్డ. యాదగిరి సార్ ఉరికొచ్చి, "అమ్మా, నీ మరదలు మా అందరికి ఆదర్శం" అని ఆమెను సోఫా నడిమిట్ల కూసోబెట్టిండు. వదినెకు మస్తు ఖుషీ. కూసున్నకాడికెళ్లే పప్పు రుచి సూసి "ఉప్పేదిరా?" అని మా ఆయన మీద ఒర్రింది. తిన్నది, నినాదాలిచ్చింది, పేపరాయన వస్తె ఫొటో సుత దిగింది.

అయినంక చేతులు కడుక్కుంటనని ఇంట్లకు పోయింది. నేను ఎనకనే ఉరికిన. "వదినె, పచ్చిగున్నది, ఒరగకు, ఒర..."

గడప కాడ నీళ్లున్నయి, కాలు జారింది. పడకుండ ఆపుకోనీకి ఈపు గోడకు ఆనిచ్చింది. యాడ? దర్వాజ పక్కపొంటి, నేను గీకకుండ ఇడిసిపెట్టిన కాడనే! బుజం కాడికెళ్లి నడుము దాక చీరెకు రంగంటింది. రంగుతోని పాత సున్నం సుత పెచ్చులు పెచ్చులు ఊడొచ్చింది. పెండ్లిల ఉత్త సున్నమే అన్నది, ఇప్పుడు రెండు అంటినయి. గోడ మీద వదినె ఈపు అచ్చు తెల్లగ పడ్డది.

సాయంత్రం అందరు కలిసి సామాన్లు లోపలేసిండ్రు. మంచోళ్లు, బగోనెలు సుత తోమిచ్చిండ్రు. వదినె నా చీరె కట్టుకొని, గోడలకు దూరంగ, అర్ర నడిమిట్ల కుర్చి ఏసుకొని కూసున్నది. గోడ సూసింది, పొగ వాసనొచ్చే కర్టన్లు సూసింది. నేను ఛాయ్ గ్లాసు ఆమె చేతికిచ్చి పక్కన నిలవడ్డ.

"సుజాతా."

"ఆఁ వదినె."

"ఇల్లు మంచిగున్నదే."

నా పానం లేసొచ్చింది! మా ఆయన దిక్కు మిర్రిమిర్రి సూసిన.

"రోడ్డు మీద ఉన్నప్పుడు" అన్నది వదినె, ఛాయ్ ఊదుకుంట.

నేనైతె ముందటి మాట కాడనే చెవులు మూసుకున్న. అనిపిచ్చిన గద! పొద్దుగాల వదినెను సాగదోలి, పేపర్ తీస్కొని మా ఆయన ముందట పెట్టిన. ఫొటోల నడిమిట్ల వదినె, పక్కన నేను, మా ఇద్దరి నడుమ కొబ్బరిపీచు. ఒక్క మనిషికి గనవడొద్దని కవర్ కుట్టిన చినుగును జిల్లంత సూసింది, సూడనీ. "మాట నిలవెట్టుకున్నన లేదా? మీ అక్కతోని అనిపిచ్చిన. నా పేరు సుజాతనే!" అన్న.

మా ఆయన అద్దాలు పెట్టుకొని ఫొటో కింద సదివిండు. నవ్వుడు ఆపుకోలేక పేపర్ నా చేతిల పెట్టి పోయిండు. నా బొమ్మ కింద ఏసిన పేరు నేను సదివిన.

"రోడ్డుపై వంటావార్పులో సరోజ."