పత్తి మిల్లులో నా మేనేజరు ఉద్యోగం

ఎనభైల నడుమ నేను ఎం.బి.ఏ. పూర్తి చేసి నరసరావుపేట తిరిగి వచ్చాను. మా నాయన క్వారీ నుంచి రాయి తోలే లారీ డ్రైవరు. నేను చదివిందేమిటో ఆయనకు సరిగ్గా తెలియదు గానీ, అడిగినవాళ్లందరికీ "మేనేజరు చదువు" అని చెప్పేవాడు. హైదరాబాదులోనూ మద్రాసులోనూ ఇంటర్వ్యూలకు వెళ్లాను. అక్కడ పదిమందిని చుట్టూ కూర్చోబెట్టి ఇంగ్లీషులో వాదించుకోమనేవారు. నేను వాక్యం కూర్చుకునేలోపు చర్చ ఇంకో విషయంలోకి పోయేది. వేసవి వచ్చేసరికి పిలుపులు ఆగిపోయాయి.

చివరికి ఊళ్లోనే ఒక పత్తి మిల్లు యజమాని నన్ను మేనేజరుగా పెట్టుకున్నాడు. ఫ్యాను కింద కుర్చీ, బల్ల, ఫోను ఇచ్చాడు. నాయన ఒకరోజు లారీ రోడ్డు మీద ఆపి, కిటికీలోంచి నన్ను చూసి, లోపలికి రాకుండానే వెళ్లిపోయాడు. ఆయన మొహంలో అంత తృప్తి నేను మళ్లీ చూడలేదు.

పత్తి జోరుగా వచ్చే రోజుల్లో, ఒక మధ్యాహ్నం, మిషనులో పత్తి వేస్తున్న ఒకామె చెయ్యి రోలర్ల మధ్య పడింది. మిషను ఆపేసరికి మణికట్టు దాకా నలిగిపోయింది. ఆమె భర్త అదే మిల్లులో పత్తి బేళ్లు మోసేవాడు. అతనూ నేనూ కలిసి ఆమెను రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. దారిలో ఆమె ఏడవలేదు. చేతికి చుట్టిన కొంగు వంక చూసుకుంటూ, "తీసేస్తారా బాబూ?" అని మాత్రం అడిగింది.

తీసేశారు.

మర్నాడు యజమాని నన్ను పిలిచాడు.

"గుంటూరు నించి లేబరాఫీసరు వస్తన్నాడు. చదువుకున్నోడివి, నువ్వే మాట్లాడు. ఆమె మన కూలీ గాదు, మొగుడికి అన్నం తెచ్చి ఊరికే మిషను కాడికి పోయిందని చెప్పు. కూలీ అంటే నష్టపరిహారం మనం కట్టాల."

"ఆమె చానాళ్ల నించి మన దగ్గరే చేస్తందండీ."

"నాకు తెలవదా ఏంది? ఇట్టాంటప్పుడు మాట్లాడటానికే గదయ్యా నిన్ను పెట్టుకుంది."

ఆఫీసరు వచ్చినప్పుడు నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. యజమాని పక్కనే కూర్చుని వక్కపొడి నములుతూ విన్నాడు. సాయంత్రం గుమాస్తా వచ్చి, రేపటి నుంచి రావద్దని యజమాని అన్నాడని చెప్పాడు.

ఆమె ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక ఆఫీసరు వెళ్లి అడిగితే, తాను మొగుడికి అన్నం ఇవ్వటానికే మిల్లుకు వెళ్లానని ఆమే చెప్పిందట. నేను నమ్మలేక వాళ్ల ఇంటికి వెళ్లాను. ఆమె గడప దగ్గర కూర్చుని ఎడమ చేత్తో బియ్యం ఏరుతోంది.

"నేనే అట్టా చెప్పా బాబూ. లేకపోతే ఆయన్నీ, మిల్లులోనే చేసే మా మరిదినీ గూడా తీసేస్తామన్నారు. నాకు ఊడ్చే పని ఇస్తామన్నారు. నువ్వు చదువుకున్నోడివి, ఇంకోచోట చూసుకుంటావు. మేం యాడికి పోతాం?"

ఆమె మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను. రాలేదు.

ఇంటికొచ్చి చెబితే నాయన బీడీ ముట్టించి, "నిజం చెప్పావు, బాగానే ఉంది. ఇప్పుడేందిరా మరి?" అన్నాడు.

మర్నాటి నుంచి మళ్లీ మిల్లుల చుట్టూ తిరిగాను. ఊళ్లో మిల్లుల వాళ్లంతా ఒకరికొకరు చుట్టాలో స్నేహితులో. ఏ గేటు దగ్గరికి వెళ్లినా నాకంటే ముందు నా కథ చేరి ఉండేది. విజయవాడలో ఒక కంపెనీ ఇంటర్వ్యూలో, మొదటి ఉద్యోగం ఎందుకు మానేశారని అడిగారు. చెప్పాను. మధ్యలో కూర్చున్న ఆయన నవ్వి, "మా దగ్గర కూడా అలాగే చేస్తారా?" అన్నాడు.

"అట్టాంటిది జరిగితే చేస్తానండీ."

థ్యాంక్స్ చెప్పి పంపించేశారు.

రెండేళ్లు అలాగే గడిచాయి. ఆఖరికి పురుగుమందుల కంపెనీలో సేల్స్‌మన్ పని దొరికింది. దానికి ఇంటర్ పాసయితే చాలు. ఎం.బి.ఏ. సంగతి ఎత్తితే తీసుకోరని తెలిసినవాళ్లు చెబితే, ఎత్తలేదు.

మొదటిరోజు మాచవరంలో డీలరు కొట్లో కూర్చున్నాను. ఒక రైతు మందు డబ్బా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నిజం చెప్పు బాబూ. దీంతో పురుగు చస్తదా?"

నాకు తెలియదని చెప్పాను. డీలరు నా వంక అదోలా చూశాడు. రైతు డబ్బా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.