అక్షరాలు చెల్లవు

కువైత్‌లో పిల్లలు ఆడుకునే ఒక ఆటను ఒకే ఒక్క తీర్పుతో చంపేసిన ఘనత నాది; అదీ పదకొండేళ్ల వయసులో, అరటిపండ్ల పెట్టె మీద కూర్చుని. మొన్న మా అమ్మాయి బబుల్‌గమ్ పొట్లం చింపగానే గుప్పుమన్న స్ట్రాబెర్రీ వాసనకు ఆ ఘనకార్యమంతా మళ్లీ కళ్ల ముందుకొచ్చింది.

ఎగైలాలో మా నాయన చిల్లరకొట్టు కఫీల్ అనే అరబ్బు పూచీదారు పేరు మీద, నాయన నడుంనొప్పి మీద నడిచేది. పొద్దున్నే వచ్చే ఖుబ్జ్ రొట్టెల వేడి ఆవిరి, ఏసీ నీళ్లు కారి తడిసిన అట్టపెట్టెల వాసన, దుమ్ముగాలి లేచిన రోజున పళ్ల మధ్య కరకరలాడే ఇసుక, ఉగాదికి అమ్మ చేసిన ఓళిగలను తెలిసినవాళ్లకు ఉచితంగా చుట్టిచ్చి, వెంటనే వాళ్లతోనే కొత్తిమీర కట్టకు పట్టుబట్టి బేరమాడే నాయన గొంతు, ఇవన్నీ కలిసిందే నా బాల్యం. నాకు మాటలకన్నా ముందు బేరం వచ్చిందని అమ్మ అనేది.

కొట్టుకు వెనక మా బిల్డింగ్ మెట్లు. పిల్లలందరి ఆట అక్కడే. గమ్ పొట్లంలో ఒక కార్డు వచ్చేది. దాని మీద ఏదో జంతువు బొమ్మ, మూలన అరబీ అంకె, కింద ఒక వరస అరబీ అక్షరాలు. ఇద్దరూ చెరో కార్డు వేస్తే పెద్ద అంకె చిన్నదాన్ని ఎత్తుకుపోతుంది. అరబీ ఐదు గుండ్రంగా ఉంటుంది కాబట్టి అందరూ దాన్ని సున్నా అనుకునేవాళ్లు. ధరల చీటీలు అంటించీ అంటించీ అంకెలు నేర్చినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని న్యాయమూర్తినీ నేనే. పై అంతస్తు గిరి, మా రాయచోటి వైపు పిల్లాడే, “ఇది యంతబ్బా?” అని ప్రతి కార్డుకూ నా మొహంలోకి చూసేవాడు. ఆ చూపు కోసం నేను అంకె చెప్పడంలో కొంచెం ఆలస్యం కూడా చేసేవాణ్ణి.

అప్పుడు దిగింది రూతు. రాజోలు నుంచి వచ్చిన నర్సమ్మ కూతురు. మొదటిరోజే నా తొంభైకి ఎదురుగా ఐదు వేసింది. నేను ఎత్తుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

“ఆగెహే! కింద రాసింది చూడవా? ఇది చచ్చేటప్పుడు చంపినోణ్ణి కూడా ఈడ్చుకుపోద్దంట.”

“నీకు అరబీ వచ్చునా మే?”

“ఆయ్. స్కూల్లో చెప్తున్నారుగా. మీకు రాదేంటి జడ్జిగారూ?”

స్కూల్లో మేమంతా అలిఫ్, బా అక్షరాల దగ్గరే చతికిలబడి ఉన్నాం. ఆ సాయంత్రం నుంచి అందరూ ఎందుకూ పనికిరావని జేబుల్లో మడిచి పెట్టుకున్న చిన్న అంకెల కార్డులు తెచ్చి రూతు చుట్టూ మూగారు. ఒకటి నిద్రపోతే శత్రువూ నిద్రపోతాడట, ఇంకొకటి నవ్వితే ఆట మళ్లీ మొదలట. క్రిస్మస్‌కు వాళ్లమ్మ వండిన గులాబీ పువ్వుల నూనె మరకలతోనే కార్డులు చేతులు మారాయి. “రూతూ, నాది యేం చెప్తాది?” అని గిరి ఆమె మొహంలోకి చూశాడు. నేను పెట్టె దిగి కొట్లోకి వెళ్లిపోయాను.

మర్నాడు పెట్టె ఎక్కి కూర్చుని తీర్పు చెప్పాను. “ఇంక అంకెలే. అక్షరాలు చెల్లవు. ఆమె చదివేది నిజమో అబద్ధమో యెవురు చూసినారు? ఖలాస్.”

“నీకు రాదని అట్లంటాండావు,” అన్నాడు గిరి.

“కార్డులు మా కొట్లోవి. ఇష్టముంటే ఆడు.”

రూతు లేచి గౌను దులుపుకుంది. “అంకెలు నీయే, కార్డులు నీయే. ఆట కూడా నువ్వే ఆడుకోవయ్యా.”

బేరం కుదరనప్పుడు లేచి నాలుగడుగులు వేస్తే ఎదుటివాడే వెనక్కి పిలుస్తాడని నాయన దగ్గర నేర్చిన విద్య. నేనూ అలాగే లేచి వెళ్లి, పిలుస్తారని కొట్టులో కూర్చున్నాను. వాళ్లు మేం పారేసిన అట్టపెట్టెలే కత్తిరించి, సొంతంగా బొమ్మలు గీసుకుని మూడో అంతస్తులో ఆడుకున్నారు. పైనుంచి దిగే నవ్వుల్లో గిరి నవ్వును విడిగా గుర్తుపట్టగలిగేవాణ్ణి. ఎవరూ పిలవలేదు.

ఇప్పుడు అల్ రాయ్‌లో పాత కారు సామాన్ల వ్యాపారం నాది. అరబీలో తిట్టుకునేంత చదువు వచ్చింది. పోయినేడు ఆ బిల్డింగ్ పడగొడతారంటే కొట్టు ఖాళీ చేస్తుండగా ఫ్రిజ్ వెనక అచ్చం అలాంటి ఐదు అంకె కార్డే ఇంకొకటి దొరికింది. చదివాను. “ఇది గుడ్లగూబ. పగలు నిద్రపోతుంది.” అంతే. చావూ లేదు, ఈడ్చుకుపోవడమూ లేదు. అన్నీ ఆ పిల్ల కల్పించినవే! నా తీర్పు సరైనదని చెప్పడానికి, వఫ్రాలో కూరగాయల తోట చూసుకుంటున్న గిరికి వెంటనే ఫోన్ చేశాను.

“ఆయ్, అది ఆ పొద్దే మాకందరికీ తెల్సు లేబ్బా,” అన్నాడు.

రాయచోటి నోట్లో రూతు వాళ్ల రాజోలు ‘ఆయ్’ వినేసరికి ఒళ్లు మండింది. “తెలిసీ ఎట్లా ఆడినారురా?”

“బాగుండె గదా!”

ఆ మెట్లు ఇప్పుడు లేవు. లెక్క నిజాయితీగానే కడతాను. తీర్పు సరైనదే, చెప్పించింది మాత్రం కుళ్లు. వచ్చినవి, నాతో ఆడేవాళ్లు లేని డబ్బాడు కార్డులు. పోయినవి, మెట్టు మీద గిరి పక్కన చోటు, ఆ పైన రూతు మూడో అంతస్తులో కల్పిస్తూ పోయిన కథలు. అవి ఎన్నని గిరినైనా అడుగుదామంటే, ఇన్నేళ్ల తర్వాత కూడా నోరు రావడం లేదు.