విశ్లేషకుడి వేసవి సెలవు

ఆ రాజకీయ విశ్లేషకుడిది మొదటినుంచీ ఒకటే పద్ధతి. ఓట్ల లెక్కింపుకు ముందే రెండు వ్యాసాలు రాసి పెట్టుకుంటాడు, పాలకపక్షం గెలిస్తే ఒకటి, ఓడితే ఇంకొకటి. అందుకే ఇన్నేళ్ళలో ఆయన అంచనా తప్పిందని వేలెత్తి చూపినవాళ్ళు లేరు. ఈ ఎన్నికల్లో మాత్రం గాలి పూటకోవైపు తిరుగుతుంటే రెండు వ్యాసాలూ చాలేలా లేవు. విసుగొచ్చి, ఎండలు తగ్గేదాకా రాయనని సంపాదకుడికి చెప్పేశాడు.

ఇప్పుడు మధ్యాహ్నాలన్నీ పడకకుర్చీలోనే. ఒంటిమీద బనీను, ముక్కుమీదికి జారిన కళ్ళజోడు. కిటికీ తెర ఊపిరి పీల్చినట్టు ఉబ్బి, వదిలినట్టు వాలుతుంటుంది. పక్కింటి టీవీలో నాయకుల అరుపులు నీళ్ళ అడుగునుంచి వస్తున్నట్టుంటాయి. ఆయన చూపుడువేలు మాత్రం కుర్చీ చేతిమీద ఏదో టైపు చేస్తూనే ఉంటుంది. అలాంటి ఒక మగతలో భార్య గొంతు వినిపించింది. "ఏమండీ, వాన పడేలా ఉందా? దుప్పట్లు ఆరేయనా?"

"ఒకవైపు చూస్తే మబ్బులున్నాయి. మరోవైపు గాలి..."

"మీ విశ్లేషణ నాకొద్దు మహానుభావా! ఆరేయనా, వద్దా?"

ఆయన లేచి, కిటికీలోంచి చెయ్యి చాపి, కళ్ళు మూసుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు.

"ఆరెయ్. పడదు."

చివరి దుప్పటి తీగమీద వేసి ఆమె కిందికి దిగిందో లేదో, వాన దంచికొట్టింది. ఇద్దరూ డాబామీదికి పరుగెత్తారు.

"ఇన్నాళ్ళకు ఒక్కమాట మీద నిలబడ్డారు, అదీ తప్పే!" అందామె, నవ్వు ఆపుకోలేక.

తడి దుప్పటి భుజాన వేసుకుని, వానలోకి మొహం ఎత్తి ఆయన అన్నాడు, "రేపటి సంగతి కూడా అడుగు."