దుప్పటి కప్పిన పడక్కుర్చీ

ఇది మీకు చెబితే తేలిక పడతానో లేదో తెలియదు. ఏళ్ల తరబడి నా పడకగదిలో ఒక పడక్కుర్చీ ఉంది. సత్యవతి వచ్చినప్పుడల్లా దాని మీద దుప్పటి కప్పి తలుపు వేస్తాను. కప్పేది కుర్చీకే, ఊపిరాడనిది నాకు.

మా ఆయన స్టీల్‌ప్లాంట్‌లో పనిచేసే రోజుల్లో సత్యవతిది మా పక్క క్వార్టర్. వాళ్ల తాత రంగూన్ నుంచి ఓడలో టేకు పడక్కుర్చీ తెచ్చుకున్నాడట. తర్వాత ఇల్లు గడవక అమ్ముకున్నారు. అలాంటిది మళ్లీ కొనాలని సత్యవతి ఆశ. నేను బడికి వెళ్లింది తక్కువే. లైబ్రరీలో మాత్రం పాత సామాన్ల గురించి దొరికిందల్లా చదివాను. అందుకే నన్ను తోడు తీసుకుని పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల సందులన్నీ తిరిగేది. అప్పట్లో పాత సామాను కొనడమంటే దుమ్ములో చతికిలబడి, కుర్చీని బోర్లించి, చెక్క వాసన చూడడమే.

ఒకరోజు దొరికింది.

"ఒలే, అచ్చం మా తాత కుర్సీయే! ఆ సేతులు సూడు. నువ్వేటంటావ్?"

చూడగానే అది నాకు కావాలనిపించింది. ఎందుకో ఇప్పటికీ తెలియదు. నా చదువుకు గుర్తుగా ఇంట్లో ఒక్క వస్తువైనా ఉండాలనుకున్నానేమో.

"మరలు సూడవే, తుప్పే లేదు. మనూరి ఉప్పుగాలికి ఇనప గేటే ఆగదు. ఇది మొన్న సేసి రంగేసిందే," అన్నాను.

"ఓలమ్మ! నానైతే మోసపోదును. నువ్వుండబట్టి సరిపోయింది," అంటూ నా చెయ్యి పట్టుకుంది.

అవి ఇత్తడి మరలు. ఇత్తడికి తుప్పు పట్టదు. ఓడ సామానుకి ఇత్తడే వాడేవారని కూడా చదివాను. నల్లబడి ఉండడంతో సత్యవతి ఇనుమే అనుకుంది. మర్నాడు ఒక్కదాన్నే వెళ్లి కొనుక్కొచ్చాను.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. ఈమధ్య చెయ్యి ఆనించే చోట రంగు పోయి, లోపల పాలిపోయిన చెక్క బయటపడింది. టేకులా లేదు. ఆ ఒక్క చెయ్యే ఎప్పుడో మార్చారా? కుర్చీ మొత్తం కొత్తదేనా? అలాగైతే ఆరోజు నేను నిజమే చెప్పానా? అబద్ధమని తెలిసి చెప్పిన మాట తర్వాత నిజమని తేలితే, అది అబద్ధం కాకుండా పోతుందా? బోర్లించాను, వాసన చూశాను, మళ్లీ లైబ్రరీకి వెళ్లాను. ఏమీ తేలలేదు.

సత్యవతి ఇప్పుడు ఫోన్‌లో వెతుకుతోంది. కొత్త కుర్చీలకి కావాలని గీతలు పెట్టి పాతవిగా అమ్ముతున్నారు. ఫొటోని బోర్లించలేం, వాసన చూడలేం. అందుకని అవన్నీ నాకు పంపుతుంది. "ఇది అసలా, డూపా? నువ్వు సెప్పందే నాను కొన్ను," అంటుంది. నా గదిలో ఉన్నదేదో నాకే తెలియదు, దానికేం చెప్పను?

రేపు వస్తానంది. అలవాటుగా దుప్పటి తీశాను. కప్పబోయి, మడతపెట్టి పక్కన పెట్టాను. రేపటికి మనసు మారుతుందేమో, తలుపు తీసే ఉంచుతానని మీకు మాటివ్వలేను. కుర్చీ అసలుదో కాదో తెలియదు. నా మాట నమ్మిన మనిషిని నేను మోసం చేశాను. ఇంత సూటిగా ఈ మాట నాతో నేను కూడా ఎప్పుడూ అనుకోలేదు.