అత్త పేరు మీద పనికొచ్చిన సారమ్మ

మొన్న పొద్దున కాశిబుగ్గలో మా వీధి చివర మురుగు మోరీ తవ్వుతుంటే కాసేపు నిలబడి చూశాను. ఈ వయసులో నాకు వేరే పనేముంది గనుక! నారింజ రంగు కోట్లు వేసుకున్న ఆడవాళ్ళు పది మంది దాకా వరుసగా నిలబడి ఉన్నారు. సూపర్‌వైజరు ఫోను ఎత్తిపట్టి ఒక్కొక్కరి ముఖం ఫోటో తీస్తున్నాడు. ఇప్పుడు హాజరంటే అదేనట. చివర నిలబడిన ఆమె ముఖాన్ని ఆ ఫోను ఒప్పుకోలేదు. "మా అక్కకు జెరమొచ్చింది సార్, ఆమె బదులు నేనొచ్చిన" అంది. కుదరదని అతను పంపించేశాడు. ఆమె కోటు విప్పి, మడతపెట్టి, పక్కామె చేతికిచ్చి వెళ్ళిపోయింది. ఎవరైనా అయ్యో పాపం అనుకునే సంగతే. నేను మాత్రం, మీరు తప్పుగా అనుకోకండి, బతికిపోయింది అనుకున్నాను.

అలా ఎందుకనుకున్నానో చెప్పాలంటే దాదాపు యాభై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. నా ఈడువాళ్ళకు ఆ కరువు గుర్తుండే ఉంటుంది. వరుసగా రెండేళ్ళు వానలు లేక, బావిలో వేసిన చేద నీళ్ళకు బదులు రాళ్ళకు తగిలి మోగేది. మా నాన్న జంపఖానాలు నేసేవాడు. తినడానికే లేని రోజుల్లో జంపఖానా ఎవరు కొంటారు? సగం నేసింది సగంలోనే మగ్గం మీద దుమ్ము పట్టింది. అలాంటి సమయంలో, ఓవర్సీరు చదువు అప్పుడే పూర్తి చేసిన నాకు, పరకాల అవతల ఒక చిన్న పట్నంలో (పేరెందుకు లెండి, అక్కడ ఇప్పుడున్నవాళ్ళ తప్పేమీ లేదు) మునిసిపాలిటీలో వర్క్ ఇన్‌స్పెక్టరు ఉద్యోగం వచ్చింది. అమ్మ ఆ కాగితానికి పసుపు పెట్టి దేవుడి పటం ముందు ఉంచింది. అందులో 'తాత్కాలికము' అన్న మాట కూడా ఉందని నేను ఆమెకు చెప్పలేదు.

ఆ ఊళ్ళో కరువు పని కింద రోడ్డు మంజూరైంది. ఊరి చివరి నుంచి పెద్ద రోడ్డు దాకా రెండు మైళ్ళు మొరం పరచాలి. ఇంటికొక్కరి పేరు చొప్పున మూడు వందల పేర్లు రాసి పైనుంచి ఆమోదం తెచ్చారు, ఇక ఆ జాబితా మార్చడానికి వీల్లేదు. కూలిలో సగం గోధుమలుగా ఇచ్చేవాళ్ళు. జొన్న గట్క తప్ప ఎరగని ఆడవాళ్ళు ఆ గోధుమలను దోసిట్లో పట్టుకుని, వీటిని ఎట్లా వండాలె సారూ అని నన్నే అడిగేవాళ్ళు. నాకు మాత్రం ఏం తెలుసు? రవ్వ చేసి గట్క లాగే వండుకోండి అని పెద్ద తెలిసినవాడిలా చెప్పాను. మర్నాడు ఒకామె చిన్న గిన్నెలో తెచ్చి నాచేత తినిపించింది. అంటుకుపోయిన ముద్ద అది. బాగుందంటే అందరూ నవ్వారు.

ఆ గిన్నె తెచ్చిన మనిషే సారమ్మ. కానీ చాలాకాలం దాకా ఆమె పేరు సారమ్మ అని నాకు తెలియదు. మస్టరులో, అంటే కూలీల హాజరు పుస్తకంలో, ఆ ఇంటి నుంచి ఉన్న పేరు కొమురమ్మ. కొమురమ్మ ఈమె అత్త. పేర్లు రాసినప్పుడు ఇంటి పెద్ద ఆమే కాబట్టి ఆమె పేరే రాశారు. తీరా చూస్తే ఆమెకు రెండు కళ్ళలో పొరలు, మోకాళ్ళు వంగవు. కొడుకు బతకడానికి భివండి పోయి మరమగ్గాల మీద పనిచేస్తున్నాడు. ఇంట్లో ఇంకో మనిషి నాలుగేళ్ళ మనవరాలు. అందుకని అత్త పేరు మీద కోడలు వచ్చేది. అలా ఒకరి బదులు ఒకరు వచ్చేవాళ్ళు ఆ మూడు వందల్లో కనీసం యాభై మంది ఉంటారు. మేస్త్రీకి తెలుసు, నాకు తెలుసు, మా ఇంజనీరుకూ తెలుసు. ఆకలి ముందు అదొక తప్పుగా ఎవరికీ తోచలేదు.

నేను మస్టరు తెరిచి 'కొమురమ్మా' అని పిలిచినప్పుడల్లా సారమ్మ నడుం వంచి, చేత్తో లేని కర్ర పట్టుకుని, ముసలి గొంతుతో "ఉన్న బిడ్డా!" అనేది. మొరం తవ్వే గుంత గుంతంతా నవ్వేది. ఎండలో మాడిపోయే ఆ రోజుల్లో పొద్దున్నే ఆ ఒక్క నవ్వు కోసం కూలీలంతా ఆ పేరు ఎప్పుడొస్తుందా అని చూసేవాళ్ళు. నేనూ చూసేవాణ్ణి. పొడుగ్గా, ఎముకలు కనిపించేటట్టు ఉండేది మనిషి, కానీ ఇద్దరు మోసే మొరం ఒక్కతే మోసేది.

మొరం ఊరి బయట బీట్లో తవ్వేవాళ్ళం. గుంతను పైనుంచి మెట్లు మెట్లుగా తవ్వుకుంటూ దిగాలని మాకు చదువులోనే చెప్పారు, మొదట్లో నేను అలాగే తవ్వించాను. ఇంతలో పెద్ద అధికారి ఎవరో పని చూడటానికి వస్తున్నారని కబురు వచ్చింది. వారంలో మైలు రోడ్డు కనబడాలని మునిసిపాలిటీ చైర్మన్ పట్టుబట్టాడు. మెట్లు తవ్వుతూ కూర్చుంటే అది అయ్యే పని కాదు. మేస్త్రీ సులువు దారి పట్టాడు. "కింద తొర్ర జేస్తే పైది అదే కూలుతది సారూ, గడ్డపార కూడ అక్కెరలేదు" అన్నాడు. ఇది ప్రమాదమని నేను ఇంజనీరుతో చెప్పాను. చెప్పానన్నది నిజమే. ఆయన సిగరెట్టు వెలిగించుకుంటూ, నాలుగు రోజులే కదా, చూసీ చూడనట్టు పోనీ అన్నాడు. నేను చూసీ చూడనట్టే పోయాను.

మూడో రోజు పొద్దున, మస్టరు అయ్యాక, సారమ్మ తట్ట చంకన పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఆ రోజు నవ్వడం లేదు.

"సారూ, పైన నెర్రె వాసింది, చూసినవా? నిన్న ఏలు పట్టేటంత ఉండె, ఇయ్యాల చెయ్యి పడ్తాంది."

చూశానన్నాను. ఇంజనీరు గారికి చెబుతాను, మీరు జర పైలంగా చేసుకోండి అన్నాను. ఆమె నా ముఖం వైపు ఒక్క క్షణం చూసి, "పైలంగ అంటే ఎట్ల సారూ, మన్ను చెప్పి పడ్తదా?" అని గుంతలోకి దిగింది. అప్పుడే ఈల వేసి అందరినీ పైకి రమ్మని ఉంటే ఏమయ్యేది? పని ఒక పూట ఆగేది. నా ఉద్యోగం పోయినా పోయేది. ఈల నా మెడలోనే వేలాడుతోంది. నేను సైకిలెక్కి ఇంజనీరును వెతుక్కుంటూ ఊళ్ళోకి వెళ్ళాను. ఆయన ఇంట్లో లేడు, ఆఫీసులో లేడు. తిరిగి వచ్చేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. దూరం నుంచే అరుపులు వినిపించాయి.

గుంత పక్క కట్టంతా ఒక్కసారిగా కూలిందట. మిగతావాళ్ళు దూకి తప్పించుకున్నారు, ఇద్దరికి కాళ్ళు విరిగాయి. లోపలి తొర్రలో మొరం ఎత్తుతున్న సారమ్మ మీద నిలువెత్తు మట్టి పడింది. పారలు వాడితే ఎక్కడ తగులుతాయోనని ఆడవాళ్ళు చేతులతో తోడుతున్నారు, నేనూ తోడాను. మొదట తట్ట దొరికింది, తరువాత చెయ్యి. దవాఖానకు తీసుకుపోవడానికి ఆ ఊళ్ళో మాకున్న బండి చెత్త ఎత్తే ట్రాక్టరు ఒక్కటే. అందులో చీరలు పరిచి పడుకోబెట్టారు. దారిలోనే, ఇంక ఊపిరి లేదని ఆమె తల ఒళ్ళో పెట్టుకున్నామె చెప్పింది. అయినా ట్రాక్టరు ఆపలేదు, దవాఖాన దాకా వెళ్ళాం.

ఆ సాయంత్రం చైర్మన్ తన గదిలోకి ఇంజనీరును, నన్ను పిలిచాడు. నన్ను కూర్చోమన్నాడు. ఆ గదిలో నేను కూర్చున్నది అదే మొదటిసారి. ఆయన కోపంగా లేడు. మెల్లగా, పెద్దన్న చెప్పినట్టే చెప్పాడు.

"చూడు తమ్మీ, మస్టర్ల ఉన్నది కొమురమ్మ. కొమురమ్మ ఇంట్ల నిమ్మలంగ కూసున్నది. మరి పనిల సచ్చింది ఎవలు?"

మస్టరు నా ముందుకు జరిపి మళ్ళీ అందుకున్నాడు.

"ఒకలి పేరు మీద ఇంకొకలు పనిజేస్తాండ్రని పైన తెలిసిందనుకో, రేపే పని బంద్ పెడ్తరు. మూడు నూర్ల ఇండ్లల్ల పొయ్యి ఆరిపోతది. పోయినామె ఎట్లయిన రాదు. ఉన్నోళ్ళ ఫికర్ జెయ్యాలె గద. నువ్వే సోంచాయించు."

ఆ మాటలో నిజం లేకపోలేదు. అదే నన్ను ఇన్నేళ్ళుగా పీడిస్తున్నది. ఉత్త అబద్ధమే చెప్పమని ఉంటే బహుశా ఎదురు తిరిగేవాణ్ణేమో. సగం నిజం ఉండేసరికి దాని చాటున నా భయం నిమ్మళంగా దాక్కుంది. ఇంజనీరు చెబుతుంటే నేను రాశాను. 'సదరు సారమ్మ అను స్త్రీ కరువు పనిలో కూలీ కాదు. తన ఇంటి గోడలకు పూసుకొనుటకై, అనుమతి లేకుండా, కూలీలు భోజనమునకు పోయిన సమయమున గుంతలోనికి దిగి మొరం తవ్వుచుండగా మట్టి కూలి మరణించినది.' ఆమె పేరు నేను మొదటిసారి రాసింది ఆ కాగితంలోనే. కింద వర్క్ ఇన్‌స్పెక్టరు అని సంతకం చేశాను. నా చేతిరాత బాగుంటుందని చిన్నప్పటి నుంచీ అందరూ మెచ్చుకునేవాళ్ళు. మేస్త్రీ ఇద్దరు ఆడవాళ్ళను తెచ్చి సాక్షులుగా వేలిముద్రలు వేయించాడు. వాళ్ళు పని పోతుందని వేశారు. అందులో ఒకామె, సారమ్మ తల ఒళ్ళో పెట్టుకున్న మనిషే.

వరుసగా మూడు రోజులు రాకపోతే మస్టరులో పేరు కొట్టేసేవాళ్ళం. మూడో రోజు పొద్దున నేను పేర్లు పిలుస్తున్నాను. ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి దాన్ని దాటేసి కింది పేరు పిలిచాను.

"కొమురమ్మను పిలువవైతివి?" అని వెనక నుంచి వినబడింది.

అసలు కొమురమ్మ. చేతిలో కర్ర ఉంది, నడుం వంగి ఉంది, మనవరాలు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఎవరూ నవ్వలేదు. కోడలు పోయి మూడు రోజులే అయింది, ఇంట్లో చెయ్యాల్సిన కార్యం వదిలేసి ఆమె పనికి వచ్చింది.

"పేరు నాదే గద బిడ్డా, నేనే వచ్చిన. పేరు కొట్టేస్తే ఈ పోరికి ఏం పెట్టాలె?" అంది. తరువాత నేను నిలబడ్డ వైపు కాక, కొంచెం పక్కకు చూస్తూ అడిగింది. "నా కోడలు మన్ను దొంగతనానికి వచ్చిందని రాసిండ్రట. ఎవలు రాసిండ్రు సారూ?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా నా వైపు చూశారు. ఆమె చూడలేదు. చూడలేదు కాబట్టి నేను తప్పించుకున్నాను. ఆఫీసులో రాశారమ్మా అన్నాను.

"గా రాసినాయనకు జర చెప్పు బిడ్డా. మాది తాటికమ్మల గుడిసె, చుట్టూ తడకలే. పూసుకుంటానికి మాకు గోడలే లేవు."

నేను తల వంచుకుని మస్టరులో ఆమె పేరు ఎదురుగా హాజరు వేశాను. ఆమెకు చెట్టు నీడన కూర్చుని కూలీలకు మంచినీళ్ళు పోసే పని ఇచ్చాను. అది నేను చేసిన ఉపకారమని ఆ రోజుల్లో అనుకునేవాణ్ణి. ఆమె కళ్ళు కనబడక సగం నీళ్ళు నేల మీద పోసేది, ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. కొన్నాళ్ళకు కొడుకు భివండి నుంచి వచ్చాడు. గొడవ చేస్తాడని చైర్మన్ ఇద్దరు మనుషులను ఆఫీసు దగ్గర పెట్టాడు గానీ, అతను రెండు రోజులు వరండాలో కూర్చుని, మూడోరోజు లేచి వెళ్ళిపోయాడు. తల్లినీ బిడ్డనూ తీసుకుని బస్సెక్కుతుంటే బస్టాండు దగ్గర చూశాను. చిన్నపిల్ల నన్ను గుర్తుపట్టి తండ్రికి చూపించింది. నేను సైకిలు తిప్పుకుని వేరే వీధిలోంచి వెళ్ళాను. వాళ్ళు మళ్ళీ ఆ ఊరికి రాలేదు.

రోడ్డు పూర్తయింది, వచ్చిన అధికారి మెచ్చుకున్నాడు, ఏడాది తిరక్కుండా నా ఉద్యోగం పర్మనెంటు అయింది. తరువాత పెళ్ళయింది, ఇల్లు కట్టాను, పిల్లలు చదువుకున్నారు. చాలా ఏళ్ళకు ఏదో పని మీద పాత ఆఫీసుకు వెళ్ళినప్పుడు ఆ ఫైలు తీసి చూశాను. అప్పటికి నేను కొంచెం పెద్ద హోదాలోనే ఉన్నాను, ఇది అబద్ధమని ఇంకో కాగితం రాసి అందులో పెట్టగలిగేవాణ్ణి. ఇంటికొచ్చి మొదటిసారి నా భార్యకు అంతా చెప్పాను. ఆమె విని, "అప్పుడు రాస్తే ఆ పిల్లకు అక్కరకొచ్చేది. ఇప్పుడు రాస్తే నీకు నిద్ర పడ్తది, అంతే" అంది. నేను రాయలేదు. ఆమె మాట కారణంగా రాయలేదా, రిటైర్మెంటు దగ్గర పడిందని రాయలేదా అంటే, నిజాయితీగా జవాబు చెప్పలేను.

మా పెన్షనర్లం నెలకోసారి కలుస్తాం. ఎవరో ఒకరు మన రోజుల్లో నీతి ఉండేది అని మొదలుపెడతారు, మిగతావాళ్ళు అందుకుంటారు. మనిషికి మనిషి సాయం ఉండేదంటారు, చేతులతో వేసిన రోడ్లు అంటారు. ఆ మాట నిజమే, చేతులతోనే వేశాం. నా ఈడువాళ్ళారా, మీ జ్ఞాపకాలు చెడగొట్టాలని కాదు, కానీ అప్పుడు మనం ఇప్పటివాళ్ళ కంటే మంచివాళ్ళమని నాతో మాత్రం అనకండి.

పోయిన ఏడాది ఒక పెళ్ళికని ఆ రోడ్డు మీదుగా వెళ్ళాను. నాలుగు వరుసల రోడ్డయింది. మొరం గుంత పూడ్చి ప్లాట్లు చేశారు, అక్కడ టైల్సు దుకాణం, టిఫిన్ సెంటరు వచ్చాయి. చాయ తాగుదామని దిగి, ఇక్కడ ఇదివరకు ఏముండేదని ఆ టిఫిన్ సెంటరు అబ్బాయిని తెలియనట్టే అడిగాను. "ఏం లేకుండె సార్, ఉత్త బీడు" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. అతనికెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన ఒక్క కాగితాన్నీ నేనే అబద్ధంగా రాసి పెట్టాను.